పోయినవాళ్ళ వరసలో నా పటం

"మంజుశ్రీ దుబాయి పోయిండాదంట. ఆకాశమంత బిల్డింగు ముందర నిలబడి ఫొటో పెట్టింది."

మా ఇంటాయన పురుషోత్తం ఈ మాట పురుగులింటి వాకిలి బయట నిలబడి చెప్పినాడు. నేను లోపల తట్టల్లోని పట్టుపురుగులకు మల్బరీ ఆకు పరుస్తా ఉన్నాను. ఆయన లోపలికి రాడు. బీడీ తాగే మనిషి. బీడీ వాసన తగిలితే పురుగులు కక్కుకుని చచ్చిపోతాయి. అందుకని నేను ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి పురుగులిల్లు నాది, వాకిలి ఆయనది. పురుగులున్నన్ని దినాలు నేను పూలు పెట్టుకోను, మొగానికి పౌడరు పూసుకోను, పొయ్యి మీద పోపు కూడా వేయను. ఆయన బీడీ మాత్రం మానలేదు. మానమని అడిగినవాళ్ళు కూడా ఈ ఇంట్లో లేరు, నాతో కలిపి.

పోయిన ఉగాది దాటినాక నందీశ్ అనే ఆయన చింతామణి కాలేజీలో మాతో పీయూసీ చదివినవాళ్ళందరినీ వెదికి వెదికి వాట్సాప్‌లో ఒక గ్రూపు కట్టినాడు. ఇప్పుడు బెంగళూరులో టూరిస్టు బస్సులు తిప్పుతాడంట. మాతో అని ఎందుకన్నానంటే, ఆ క్లాసులో నేనూ ఉన్నాను, మా ఇంటాయనా ఉన్నాడు. ఆడపిల్లలం కిటికీల పక్క, మొగపిల్లలు వాకిలి పక్క. రెండేండ్లలో ఆయన నాతో మాట్లాడింది లేదు. నేను ఫస్ట్ క్లాసులో పాసయినాను, ఆయన ఇంగ్లీషులో తప్పినాడు. తర్వాత ఎప్పుడో పెద్దవాళ్ళు సంబంధం కలిపినారు. చాకవేలులో మా నాయన ఇంటి ముందర పందిరేసి, ముసురు పట్టిన దినాల్లో పెండ్లి చేసినారు. కాలేజీవాళ్ళు ఒక్కరూ రాలేదు. పిలిచేదానికి అప్పుడు ఫోన్లు యాడివి. నేను బట్లహళ్ళికి కాపురానికి వచ్చి పురుగులింట్లో దూరినాను.

గ్రూపు సంగతి తెలిసినప్పుడు, నన్నూ చేర్చమని అడిగినాను.

"ఇంటికొక నంబరు చాలు లేవే. నేను చదివి చెప్తా కదా" అన్నాడు.

చదివి చెప్తాడు, అది నిజమే. పొద్దున్నే చాయి తాగి, బీడీ ముట్టించుకోని, వాకిట్లో నిలబడి వార్తలు చెప్పినట్ల చెప్తాడు. మొగవాళ్ళ సంగతయితే "మునినారాయణ సర్కిల్ ఇన్‌స్పెక్టర్ అయినాడు. కిశోర్ పూణేలో పెద్ద కంపెనీలో ఉండాడు, పోయిన నెల కాశ్మీరంలో మంచు మీద జారినాడంట" అంటాడు. ఆడవాళ్ళ సంగతయితే "మంజుశ్రీ మొగుడు ఇంజనీరు" అని మొదలుపెడతాడు. మంజుశ్రీ తాను చిక్కబళ్ళాపురంలో కాలేజీ లెక్చరరని నేను గుచ్చి గుచ్చి అడిగితే కానీ బయటికి రాలేదు. ఆమె నా పక్కన కూర్చున్న పిల్ల. చలికాలంలో ఇద్దరం ఒక్క స్వెట్టరు మార్చి మార్చి వేసుకునేవాళ్ళం.

"అయ్యో, మంచు మీద జారి కాలో చెయ్యో విరిగింటే?" అని కిశోర్ సంగతికి నేనన్నాను.

"వాడు జారేదానికే దుడ్డు కట్టి పోయినాడు లేవే" అని నవ్వినాడు.

నేను భయస్తురాలిని. దాన్ని దాచేదేముంది. నా బిడ్డ నయన చిక్కబళ్ళాపురంలో డిగ్రీ చదువుతాండాది. అది ఎక్కిన బస్సు దిగినట్ల ఫోను వచ్చేవరకు నా కడుపులో ముద్ద దిగదు. బస్సు కైవార దగ్గర మలుపులో పడిపోయినట్ల, మా ఇంటాయన బండి లారీ కింద పోయినట్ల, మా అత్త నీళ్ళు పోసుకునే బచ్చలింట్లో జారి తల పగిలినట్ల, అన్నీ నాకు ముందే కండ్ల ముందర కనిపిస్తాయి. ఇంట్లో అందరూ దానికి నవ్వుతారు. కానీ మా అత్త జారకుండా బచ్చలిల్లు దినమూ నేనే రుద్దుతాను. బండికి గాలి ఉందా లేదా అని నేనే నొక్కి చూస్తాను. పురుగులకు సున్నం చల్లేది, గాలి ఆడేటట్ల గోనెపట్టలు లేపేది నేనే. ఈ ఇంట్లో అందరి బదులూ నేనొక్కదాన్నే భయపడతాను, అందుకే వాళ్ళు గుండె మీద చెయ్యేసుకోని నిద్రపోతారు. అది కూడా ఒక పనేనని ఎవరికీ తోచలేదు.

నా పేరు సంగతి కూడా చెప్పాలి. నాకు మా నాయన పెట్టిన పేరు యశోద. పెండ్లినాడు బియ్యంలో ఉంగరంతో రాయించి ప్రమోద అని మార్చినారు. ఎందుకంటే మా అత్త పేరు యశోదమ్మ. ఒకసారి నేను అడిగితే మా అత్త ఏ కల్మషమూ లేకుండా చెప్పింది. "ఇల్లు ఊడ్చినావా లేదా అని కోడల్ని కసురుకోవల్లంటే పెద్దదాని పేరు నోట్లోకి వస్తాది కదమ్మా. అత్త పేరు పెట్టి ఎవరైనా తిడతారా?" అంటే నన్ను తిట్టేదానికి అనుకూలంగా ఉండాలని నా పేరు మార్చినారు. ఆమె తప్పు కాదు, ఆమె కాపురానికి రాకముందు ఆమె పేరూ ఇంకేదో ఉండింటాది. మా పక్క ఇండ్లలో ఇది వాడుక. ఆధారు, రేషను కార్డు, ఓటు, అన్నిట్లో నేను ప్రమోద. పీయూసీ మార్కుల పట్టీలో మాత్రం కె. యశోద.

దసరా దాటినాక గ్రూపులో పెద్ద సంబరం మొదలయింది. చిక్కబళ్ళాపురంలో ఒక కల్యాణమంటపం మాట్లాడినారు. ఆదివారం దినం అందరూ కలవాలి, జీవితంలో సాధించినవాళ్ళకు శాలువలు కప్పాలి. సాధించినవాళ్ళలో మా ఇంటాయన పేరు ఉంది. ఉత్తమ రేష్మె రైతు, అంటే పట్టు రైతు అని. రేష్మె ఆఫీసువాళ్ళు పోయిన ఏడు ఆయనకు ఒక సర్టిఫికేటు ఇచ్చినారు, దాన్ని ఆయనే గ్రూపులో పెట్టింటాడు. శాలువ కప్పేవాళ్ళందరూ తమ పని గురించి ఒక చిన్న వీడియో పంపాలంట.

గురువారం సాయంత్రం వీడియో తీసినారు. ఆయన పొద్దున్నుంచీ బీడీ ముట్టకుండా, తలంటి పోసుకోని, ఇస్త్రీ చొక్కా వేసుకోని పురుగులింట్లోకి వచ్చినాడు. వచ్చి చుట్టూ చూసినాడు, చుట్టాలింటికి వచ్చినట్ల. నయన ఫోను పట్టుకుంది.

"నువ్వు రవ్వంత పక్కకు జరుగే. నీడ పడతాంది" అన్నాడు నాతో.

నేను జరిగినాను. చేతిలో ఆకు గంప అట్లే ఉంది. ఆయన గంపలో నుంచి ఒక కొమ్మ తీసుకోని, "ఇరవై ఏండ్లుగా ఈ పురుగుల్ని కన్నబిడ్డల మాదిరి సాకుతాండాను" అని ఫోనుకు చెప్పినాడు. కన్నబిడ్డల మాదిరి అన్నది మాత్రం అబద్ధం కాదు. నయనను కూడా ఆయన అట్లనే సాకినాడు, వాకిట్లో నిలబడి.

వీడియో అయినాక ఆయన బీడీకి బయటికి పోయినాడు. గ్రూపుకు పంపేదానికి ఆయన ఫోను నయన చేతిలోనే ఉంది. అది వేలితో పైకీ కిందికీ తోస్తా తోస్తా నిలిచిపోయింది.

"అమ్మా, ఇట్ల రా" అంది. గొంతు అదో మాదిరిగా ఉంది. ఎవరికో ఏదో అయిందని గంప కింద పెట్టి పోయినాను.

ఫోనులో ఒక బొమ్మ. పైన 'మనల్ని విడిచిపోయిన మిత్రులకు శ్రద్ధాంజలి' అని కన్నడంలో రాసుంది. దాని కింద మూడు మొగాలు. ఒకటి కన్నడ పాఠం చెప్పిన గంగప్ప మేష్ట్రుది. ఇంకొకటి కృష్ణప్పది, మా క్లాసులో బాగా పాడేవాడు, బండి గుద్దుకోని పోయినాడని విన్నాను. నడుమ ఒక ఆడపిల్ల. రెండు జడలు, గుండ్రటి లోలాకులు, కెమెరాను చూసి బెదిరిపోయిన కండ్లు. కాలేజీ చివరి దినం అందరం కలిసి తీయించుకున్న ఫొటోలో నుంచి ఆ మొగం ఒక్కటే కత్తిరించినారు. దాని చుట్టూ దండ వేసినారు. కింద 'కె. యశోద, చాకవేలు'.

"ఇది నువ్వే కదమ్మా?"

నేనే.

నందీశ్ అడిగినాడంట, చాకవేలు యశోద యాడుండాదో ఎవరికన్నా తెలుసునా అని. ఎవరో రాసినారు, కాన్పులో పోయిందని బాగేపల్లి బస్టాండులో ఎవరో చెప్పినట్ల గుర్తు అని. అంతే. ఆ గుర్తు మీద నన్ను చంపేసినారు. దాని కింద ఒకరి తర్వాత ఒకరు చేతులు జోడించిన బొమ్మలు పెట్టినారు. మంజుశ్రీ 'నా పక్కన కూర్చునేది, ఎంత మంచి పిల్ల' అని రాసి ఏడ్చే బొమ్మ పెట్టింది. నయన ఇంకా కిందికి తోసింది. తోసి, వేలు తీసేసి, నా మొగం చూసింది. అక్కడ మా ఇంటాయన పేరు ఉంది. పేరు పక్కన జోడించిన రెండు చేతులు.

పటంలో ఉన్న పిల్ల తట్టలకు ఆకు వేస్తాంటే, వాకిట్లో నిలబడి ఆ పిల్లకు దండం పెట్టినాడు నా మొగుడు.

ఆయన లోపలికి రాలేడు కాబట్టి నేనే బయటికి పోయినాను. ఫోను ఆయన ముందర పట్టుకున్నాను.

"ఓ, అదా" అన్నాడు. బీడీ కింద పడేసి కాలితో నలిపినాడు. "నేను చూసేసరికి అందరూ పెట్టేసినారు. నేనొక్కడే పెట్టకుంటే బాగుండదు కదా."

"నేను బతికే ఉండానని చెప్పకూడదా?"

"ఎట్ల చెప్పేదే? గ్రూపు కట్టినప్పుడే మా ఇంటామె పెద్దగా చదువుకోలేదు, పేరు ప్రమోద అని రాసినాను. ఇప్పుడు ఆ యశోదే ఈమె అంటే నవ్వరా నన్ను? ఫస్ట్ క్లాసులో పాసయిన పిల్లను తీసుకపోయి వీడు ఆకు కోయిస్తాండాడురా అంటారు. ఫంక్షను అయిపోనీ. నిదానంగా చెప్తాను."

"నాకు దీపం పెట్టినాక చెప్తావా?"

"దీపం పెడితే నువ్వేమన్నా పోతావా ఏంది. ప్రతి దానికీ భయమే."

మా అత్త అరుగు మీద నుంచి అంతా వింటా ఉంది. "బతికిండంగానే పోయినారని మాట పుడితే ఆయుష్షు పెరుగుతాదంట లేమ్మా. మంచిదే" అంది. ఆమె ఓదార్పుకే చెప్పింది. నేను మళ్ళా లోపలికి పోయి మిగిలిన తట్టలకు ఆకు వేసినాను, పురుగులకు ఈ సంగతులేవీ తెలియవు కాబట్టి.

ఆకు వేస్తా ఉంటే నాకు ఒకటే ఆలోచన. నేను అందరి చావులూ ముందుగానే చూసుకున్నదాన్ని. బిడ్డది, మొగుడిది, అత్తది, ఆఖరికి కాశ్మీరంలో ఉన్న కిశోర్‌ది కూడా. నా చావు మాత్రం నాకెప్పుడూ కనిపించలేదు. అది జరిగిపోయి, దండ కూడా పడిపోయిందని ఇప్పుడు తెలిసింది. ఆ బస్టాండులో ఎవరో అన్న మాట పూర్తిగా అబద్ధమా అని కూడా అనుకున్నాను. చాకవేలు యశోదను ఆ పెండ్లి తర్వాత ఎవరు చూసినారు? లెక్చరరు అడిగితే లేచి నిలబడి జవాబు చెప్పిన పిల్లను, మంజుశ్రీ స్వెట్టరులో చేతులు దూర్చుకున్న పిల్లను, నేను మాత్రం ఎప్పుడు చూసినాను? చంపినవాళ్ళు నందీశూ కాదు, బస్టాండువాళ్ళూ కాదు. వాళ్ళు ఆలస్యంగా చేతులు జోడించినారు, అంతే. ఒక ఆడది తన పేరు పోగొట్టుకోని, తన చదువు పోగొట్టుకోని, తన చేతులతో చేసిన పనిని కూడా ఇంకొకడి శాలువకు ఇచ్చేస్తే, మిగిలేది దండ వేసేదానికి వీలుగా ఉండే మొగం ఒకటే. నాకు కోపం వచ్చింది. భయం కలవని కోపం నాకు వచ్చి ఎన్ని ఏండ్లయిందో. ఆకు ఒకచోట మందంగా, ఒకచోట పలుచగా పడింది. సరిచేయలేదు.

మరునాడు కాలేజీకి పోతా పోతా నయన నా దగ్గర నిలబడింది.

"పోనీ లేమ్మా" అంది. "నువ్వు అంత దూరం ఒక్కదానివే పోయేదీ లేదు, అంతమందిలో మాట్లాడేదీ లేదు. నీకు భయం కదా. నాయన తర్వాత చెప్తాడంట లే."

అది ప్రేమతోనే చెప్పింది. ఆ మాట నాకు మొగుడు పెట్టిన దండం కంటే ఎక్కువ తగిలింది. నా బిడ్డ నన్ను చూసి నేర్చుకున్నది ఇది. రేపు దీన్ని ఒక ఇంటికి పంపుతాము. ఆ ఇంట్లో దీని పేరు ఎవరికో అడ్డమొస్తాది. ఇది కూడా పోనీ లే అంటాది. దాని బస్సు పడిపోతాదని దినమూ భయపడినాను కానీ, బస్సు దిగి క్షేమంగా ఇంటికి వచ్చి పోనీ లే అంటాదని నాకు ఎప్పుడూ తోచలేదు. పడేదానికి అంతకంటే లోతు ఇంకేముంది.

శనివారం పొద్దున మా ఇంటాయన శాలువకు తగిన పంచె ఇస్త్రీ చేయించమని ఇచ్చినాడు.

"రేపు నేను పోతాను" అన్నాను.

"యాడికి?"

"చిక్కబళ్ళాపురానికి. మా క్లాసువాళ్ళ దగ్గరికి."

ఆయన నవ్వినాడు. నేను నవ్వకపోయేసరికి నిలిపినాడు. "పురుగులు పొర విడిచి నాలుగో జ్వరం లేచి మూడు దినాలు కాలేదు. మంచి ఆకలి మీద ఉండాయి. ఒక్క మేత తప్పితే పంట ఏమయితాదో నీకు తెలీదా? ఇద్దరమూ పోతే ఎవరేస్తారు?"

"నేను లేనే లేనని నువ్వే కదా గ్రూపులో దండం పెట్టినావు. లేనిదాన్ని అడుగుతావెందుకు?"

"ఏం మాటలే అవి" అన్నాడు. జేబులో బీడీకట్ట వెదుక్కుంటా, "నయనకు ఆదివారం రజానే కదా" అన్నాడు.

"నయన వేయదు. దానికి చదువుకునేది ఉండాది. నీ పురుగులు, నీ శాలువ. రెండిట్లో ఏది కావల్లో చూసుకో" అన్నాను. పంచె ఇస్త్రీ చేయించలేదు. బండ మీదే పెట్టేసినాను.

నేను పోనని ఆయనకు గట్టి నమ్మకం. నాకు కూడా అంత నమ్మకమేమీ లేదు. ఆదివారం తెల్లవారతానే లేచి మొదటి మేత వేసినాను, అది మాత్రం వేయకుండా ఉండలేకపోయినాను. స్నానం చేసి నయన పుట్టినరోజుకు కొన్న నీలం చీర కట్టుకున్నాను. ఆయన బచ్చలింట్లో నీళ్ళు పోసుకుంటా ఉన్నాడు. మా అత్త అరుగు మీద నుంచి "యాడికమ్మా ప్రమోదా?" అంది.

"పదకొండు గంటలకు మేత వేయమని మీ కొడుక్కు చెప్పు అత్తా" అని మెట్లు దిగినాను.

బస్సులో ఆధారు చూపించినాను. ఆడవాళ్ళకు టికెట్టు ఊరికే కదా. కండక్టరు అందులో పేరు చదివినాడో లేదో, చీటీ చించి ఇచ్చినాడు. చింతామణిలో బస్సు మారినాను. దారి పొడుగునా నా బుద్ధి ఊరికే ఉండలేదు. ఆయన బీడీ చేతులతోనే ఆకు ముట్టుకున్నట్ల, తట్టల్లో పురుగులన్నీ తెల్లవారేసరికి నల్లబడి చచ్చినట్ల, మా అత్త కోపంలో లేచి జారినట్ల, నయన ఒక్కతే ఏడుస్తా ఉన్నట్ల. మలుపు వచ్చినప్పుడల్లా ముందు సీటు కమ్మి పట్టుకున్నాను. ఫోను రెండుసార్లు మోగింది, ఆయనదే. ఎత్తితే దిగి వెనక్కి పోతానని తెలుసు. ఎత్తలేదు. భయం పోలేదు, ఎవరూ అట్ల అనుకోవద్దు. భయంతోనే పోయినాను. ఇన్నాళ్ళు భయపడి ఇంట్లో ఉన్నాను, ఈసారి భయపడతా బయట ఉన్నాను.

మంటపం వాకిట్లో రంగు కాగితాలు కట్టినారు. కార్లు నిలబడి ఉన్నాయి. లోపల నవ్వులు, ఒకరి పొట్ట మీద ఒకరు తట్టుకునేది, 'గుర్తుపట్టలేదు కదరా' అనేది. అందరికీ నడి వయసు వచ్చేసింది, నాకొక్కదానికే అనుకుంటా ఉన్నాను ఇన్నాళ్ళు. వేదిక పక్కన ఒక బల్ల మీద తెల్లగుడ్డ పరిచి మూడు పటాలు పెట్టినారు, ముందర వెలిగించని దీపం. నడుమది నాది. పెద్దది చేయించినారు, దానికి నిజమైన మల్లెపూల దండ వేసినారు. ఆ పిల్ల నన్నే చూస్తా ఉంది, బెదిరిన కండ్లతో.

వాకిలి దగ్గర మేజా వేసుకోని ఒకామె అందరి పేర్లూ బిళ్ళల మీద రాసి చొక్కాలకు గుచ్చుతా ఉంది. కండ్లద్దాలు, పొట్టిగా కత్తిరించిన జుట్టు. మంజుశ్రీ. నాకు వెంటనే తెలిసింది. ఆమె తల ఎత్తి నా నీలం చీర చూసి, మర్యాదగా నవ్వింది.

"మీరు ఎవరి ఫ్యామిలీ మేడం? ఫ్యామిలీవాళ్ళకు బిళ్ళలు లేవు. లోపల లేడీస్ పక్క కూర్చోండి, ఇప్పుడే టిఫిను వస్తాది."

వెనక్కి తిరిగితే ఇప్పుడు కూడా బస్సు ఉంటాది అనుకున్నాను. అనుకుంటానే, కాళ్ళు బల్ల దగ్గరికి పోయినాయి. అక్కడ నందీశ్ కాబోలు, అగ్గిపెట్టె పట్టుకోని నిలబడి ఉన్నాడు. "అమ్మా, దీపం పెద్దవాళ్ళు వచ్చినాక" అన్నాడు. నేను రెండు చేతులూ ఎత్తి నడుమ పటం మీద నుంచి దండ తీసినాను. తడిగా, చల్లగా ఉంది. దాన్ని తెల్లగుడ్డ మీద పెట్టి, పటాన్ని గోడ పక్కకు తిప్పినాను. లోపల నవ్వులు ఒక్కొక్కటే నిలిచిపోయినాయి. మంజుశ్రీ లేచి వచ్చింది, నా మొగం చూసింది, గోడకు తిరిగిన పటం చూసింది. ఆమె చేతిలో పెన్ను కింద పడింది.

"నేను ఎవరి ఫ్యామిలీనీ కాదు మంజూ" అన్నాను. "చాకవేలు యశోదను. పోయినవాళ్ళకు పటం చాలు. నాకు కుర్చీ కావల్ల."